కుండలీకరణంలో నవ్వు

పన్నెండు రోజుల శిక్షణలో అది తొమ్మిదో రోజు.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి సముద్రానిదే,
ఉప్పగా, జిడ్డుగా, కీబోర్డు మీద పేరుకుంటూ.
ఫిలోమినా మేడమ్ బోర్డు మీద రాశారు:
ఇద్దరు విడివిడిగా విని ఒకే మాటంటే
దాన్ని నమ్మొచ్చు.
ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె పేరు కప్పా.
వెనక బెంచీలో ఎవరో బెకబెకమన్నారు.
మేడమ్ కూడా నవ్వేశారు.

నాకూ ఎల్లాజీకీ వచ్చింది పద్నాలుగో ఇంటర్వ్యూ.
పెదజాలరిపేట, ఎండుచేపల వ్యాపారం, యాభై దాటిన వయసు.
పేరు తీసేశాం. ఆర్-14 అని పెట్టాం.
అడిగింది నేనే, జూన్‌లో,
వేట నిషేధం ఇంకో వారం ఉందనగా,
పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకున్న మధ్యాహ్నం.

ప్రశ్న ఇరవై రెండు:
గత ముప్పై రోజుల్లో మీ ఇంట్లో ఎవరైనా
ఒక పూట తినకుండా పడుకున్నారా?
జవాబు దగ్గర నేను టైపు చేసింది ఒక్క మాట:
(నవ్వు)
నాలుగు సెకన్లు.

నేను 'తేలిగ్గా తీసుకోవడం' అని కోడ్ వేశాను, పసుపు రంగు.
ఎల్లాజీ 'ఆకలి' అన్నాడు, ఎరుపు.
ఎలా చెప్తావ్, ఆవిడ ఏమీ అనలేదుగా?
"గరిటె గిన్నె అడుక్కి తగిలినప్పుడు
మాయమ్మ అలగే నవ్వుతాది."

మేడమ్ మా మధ్యకి కుర్చీ లాక్కున్నారు.
"అది ఆవిడ డేటానా, మీ అమ్మ డేటానా?"
ఎల్లాజీ చాలాసేపు తెరనే చూశాడు.
తెల్దు మేడమ్, అన్నాడు.
"అయితే అదే రాయి. ఎక్కడ నిలబడి విన్నావో రాయి.
నువ్వూ రాయి," నావైపు తిరిగి.

నాకు రాయడానికేముంది?
ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు,
పోర్టులో గుమాస్తా కూతురు.
నేను నిలబడ్డ చోటు
ఎవరూ ప్రశ్నాపత్రం పట్టుకు రాని చోటు.

సాయంత్రానికి లెక్క తేలింది:
సున్నా పాయింట్ ఐదు ఎనిమిది.
ఏడు దాటాలట.
హెడ్‌ఫోన్ చెరో చెవికీ పంచుకుని మళ్ళీ విన్నాం.
కాకి. బిందె చప్పుడు. ఎవరో ఎవర్నో తిట్టడం.
వాటి వెనక, ఆగకుండా, కెరటం.
పదకొండోసారి వినబడింది
ఆవిడ కంటే ముందు ఇంకో నవ్వు,
అర సెకను, పళ్ళ మధ్య నలిగినది.
నాది.

ప్రశ్న చదివి ముందు నేనే నవ్వాను.
ఆవిడ చాప మీద కూర్చుని అలాంటిదడిగినందుకో,
పొద్దున వద్దని వదిలేసిన మూడో ఇడ్లీ గుర్తొచ్చో.
ఆవిడ నా నవ్వుకి చోటిచ్చింది,
మనిషొస్తే కాస్త జరిగి కూర్చున్నట్టు.
టైపు చేసిన పద్నాలుగు పేజీల్లో
నేనెక్కడా నవ్వలేదు.

రాసింది వాళ్ళకే చూపించి సరిచూసుకోవాలన్నది పదో రోజు పాఠం.
ఎల్లాజీ సందు మొదట్లోనే ఆగిపోయాడు.
"నాను రాను. మా అత్త వరస."
ముందే చెప్పొచ్చుగా?
"పేరు తీసీసినారు గానీ
గొంతు తియ్యలేదు గదా."

ఆవిడ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.
"ఈ గొంతు నాదేటి? ముసిల్దాన్లా ఉన్నాది."
అప్పుడు నువ్వేటడిగినావు, అంది.
మళ్ళీ అడిగాను.
ఈసారి పెదవి బిగబట్టి.

వల మీద నెత్తళ్ళు తిరగేస్తున్న చెయ్యి
ఒక్క వరస దగ్గర ఆగింది.
"పిల్లలు తినీసీవోరు," అంది.
చెయ్యి మళ్ళీ కదిలింది.

సందు చివర ఎల్లాజీ
ఒక పడవ పెచ్చులూడిన రంగుని గోటితో గీకుతున్నాడు.
ఏమందో అడగలేదు.
నేనూ చెప్పలేదు.
చినవాల్తేరు దాకా నడిచాం.

ప్రశ్న ఇరవై రెండు, ఆర్-14:
ఆ గడిలో రంగు తీసేశాం.
కప్పా మాత్రం ఐదు ఎనిమిదే.